సార్వా కోతల వేళ క్రిస్మస్

క్రీస్తు జననోత్సవాన్ని డిసెంబరు 25న జరుపుకొనే ఆచారం రోము నగరంలో 4వ శతాబ్ది నాటికే ఉన్నట్టు ఆధారాలుండగా, ఆ తేదీ కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేటి సీమకు 19వ శతాబ్దిలో మిషనరీల వెంట వచ్చింది. వచ్చిన చోట మరొక కాలక్రమం నడుస్తున్నది. తొలకరితో మొదలై కార్తీక, మార్గశిర మాసాల్లో కోతకు వచ్చే సార్వా వరి, దాని వెనుకనే కాలువ నీటితో వేసే రెండవ పంటయైన దాళ్వా ఇక్కడి పల్లెల ఏడాదిని రెండుగా పంచుకునేవి. సార్వా కుప్పలు నూర్చి, దాళ్వా నారుమళ్లకు నేల సిద్ధం చేసే ఆ కొద్ది వారాల సందులో క్రిస్మస్ పడింది. అందువల్ల పండుగ తేదీని, ఆరాధన క్రమాన్ని చర్చి నిర్ణయించినా, ఇంట ఏం వండాలి, ఎవరు ఎప్పుడు రావాలి, పిల్లల చేతికి ఏ పని అప్పగించాలి అన్నవాటిని చాలావరకు నిర్ణయించింది వరిచేనే.

కాలువల వెంట వచ్చిన సంఘాలు

కొల్లేటి సరస్సుకు దక్షిణాన, ఉప్పుటేరుకు చేరువలో ఉన్న కలిదిండి చరిత్రలో కొత్త ఊరు కాదు. వేంగి చాళుక్య రాజైన రాజరాజ నరేంద్రుని తామ్రశాసనం వల్ల 11వ శతాబ్దికే ఈ ఊరి పేరు ప్రసిద్ధమైంది. ఇక్కడ జరిగిన యుద్ధంలో మరణించిన చోళ సేనానుల స్మృతికి శివాలయాలు కట్టించిన సంగతి ఆ శాసనం చెబుతుంది. చిరకాలం కృష్ణా జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లాలో చేరిన ఈ మండలం క్రైస్తవ చరిత్ర దృష్టితో చూస్తే మూడు మిషన్ల పొలిమేరల నడుమ ఉన్నది.

తూర్పున నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో 1836లో భారతదేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇంగ్లండు దేశస్థులు బ్రదరెన్ సంఘాలకు పునాది వేశారు. దక్షిణాన మచిలీపట్నంలో 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ ప్రారంభించిన చర్చి మిషనరీ సొసైటీ, అంటే ఆంగ్లికన్ సంఘానికి చెందిన సి.ఎం.ఎస్., 1854లో ఏలూరులో కేంద్రం నెలకొల్పింది. ఇక 1842లో గుంటూరు చేరిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్‌తో మొదలైన అమెరికా లూథరన్ మిషన్, జర్మన్లు రాజమండ్రిలో ఆరంభించిన పనిని కూడా చేపట్టి భీమవరం, తాడేపల్లిగూడెం వైపు విస్తరించింది. ఈ సంఘాలలో లూథరన్లు 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా ఏర్పడగా, ఆంగ్లికన్లు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశారు. కథోలికులకు 1976లో ఏలూరు మేత్రాసనం, అంటే బిషప్ పాలనలోని మండలం, ఏర్పడింది. పండుగ ఆచరణలో ఈ భేదాలు ఇప్పటికీ కనిపిస్తాయి. లూథరన్, ఆంగ్లికన్, కథోలిక వారసత్వం ఉన్న కుటుంబాలు క్రిస్మస్‌కు ముందరి నాలుగు ఆదివారాలను ఆగమన కాలంగా పాటిస్తుండగా, బ్రదరెన్ సంఘాలు చాలావరకు పండుగ తేదీలకే ప్రాముఖ్యమివ్వవు.

ఈ మిషన్లు వచ్చిన కాలంలోనే ధవళేశ్వరం ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తయి, మెట్టగా ఉన్న నేలలు మాగాణులయ్యాయి. ఆ మాగాణుల్లో నాట్లు వేసి, కోతలు కోసిన దళిత కూలీ కుటుంబాలే ఈ సంఘాలలో అధిక సంఖ్యాకులు. వారికి కూలి చాలాకాలం ధాన్యం కొలతగానే ముట్టేది కనుక, ఏడాదిలో గింజ నిండుగా ఇంట ఉండే రోజులు సార్వా నూర్పిళ్ల తరువాతివే. పేటలోని ఇంటికి ధాన్యం చేరే సమయమూ చర్చి చెప్పిన పండుగ సమయమూ ఒకటి కావడం వల్ల, దూరదేశపు పండుగ పరాయిదిగా కాక పంట పండుగగా ఇంట అడుగుపెట్టింది.

ధనుర్మాసపు వీధిలో కీర్తన

డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా సాగే ధనుర్మాసం తెలుగు వీధికి పాటల కాలం. హరిదాసు అక్షయపాత్ర తలపై పెట్టుకొని తెల్లవారుజామున ఇంటింటికీ తిరుగుతాడు. గంగిరెద్దులవారు సన్నాయితో వస్తారు. వాకిళ్లలో ముగ్గులు పెద్దవవుతాయి. పాశ్చాత్య దేశాలలో క్యారల్స్ పేరుతో ఉన్న ఇంటింటి పాటల ఆచారం ఈ వీధిలోకి వచ్చినప్పుడు, ఇంటి ముందు నిలబడి పాడటం, ఇంటివారు బియ్యమో డబ్బో ఇవ్వడం, దీవించి ముందుకు సాగడం అనే పద్ధతి ఇక్కడివారికి కొత్తగా తోచే అవకాశం లేదు. క్యారల్ బృందం డోలక్, తాళాలు, కంజీరలతో, ఒకప్పుడు పెట్రోమాక్స్ దీపం వెలుగులో, పొద్దుపోయాక బయలుదేరి పేటలోని ప్రతి గడప ముందూ ఆగి పాడి, ప్రార్థన చేసి కదులుతుంది. బృందం వెంట ఎర్రటి దుస్తులు, తెల్లటి గడ్డం, ముఖానికి తొడుగు వేసుకున్న క్రిస్మస్ తాత చాక్లెట్లు పంచుతూ నడుస్తాడు కాబట్టి, నిద్రకు ఆగలేని చిన్నపిల్లలు కూడా ఆ రాత్రి మేలుకొనే ఉంటారు.

వారు పాడే పాటల స్వరూపం కూడా తెలుగుదే. పల్లవి, అనుపల్లవి, చరణాలతో, రాగతాళాలు నిర్దేశించి రాసిన పాటను కీర్తన అంటారు. ఈ రూపంలో పురుషోత్తము చౌదరి (1803–1890) వంటి కవులు రచించిన పాటలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అన్న సంకలనం ద్వారా లూథరన్, ఆంగ్లికన్, బాప్టిస్టు సంఘాలన్నిటికీ ఉమ్మడి ఆస్తి అయ్యాయి. లూథరన్ సంఘంలో పనిచేసి, 1938లో బైబిలు మిషనును స్థాపించిన ముంగమూరి దేవదాసు రాసిన క్రిస్మస్ పాటలు సంఘ భేదం లేకుండా ఊరూరా వినిపిస్తాయి. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య, భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్, దేశీయ సంగీతానికి, ఊరేగింపులకు, పంటకోత పండుగలకు ఆరాధనలో చోటు కల్పించారు. కృష్ణా ప్రాంతపు సి.ఎం.ఎస్. సంఘాలు తరువాత ఆయన పాలనలోకే వచ్చాయి.

వెదురు బద్దల నక్షత్రం, గడ్డి పాక

ఇంటి ముందు నక్షత్రం కట్టడం పిల్లల పనిగా స్థిరపడిన ఆచారం. జర్మనీలోని నీస్కీ పట్టణంలో మొరేవియన్ సంఘం నడిపిన బాలుర బడిలో 1830ల ప్రాంతంలో రేఖాగణితం పాఠంగా కాగితపు నక్షత్రాల తయారీ మొదలైందని చెబుతారు; అదీ పిల్లల చేతి పనే. డెల్టాలో దాని నిర్మాణం వేరు. సమాన పొడవుగల ఐదు వెదురు బద్దలను ఐదు కోణాలు తేలేటట్టు ఒకదానిపై ఒకటి దాటించి పురికొసతో కడితే ఒక చట్రం వస్తుంది. అటువంటి రెండు చట్రాలను కొసల దగ్గర మాత్రం కలిపి బిగించి, లోపలి ఐదు కూడళ్లలో జానెడు పుల్లలు అడ్డంగా నిలబెడితే, రెండు చట్రాలూ మధ్యలో ఎడమై నక్షత్రానికి కడుపు ఏర్పడుతుంది. ఆ ఖాళీలో ఒకప్పుడు లాంతరు, తరువాత బల్బు పెట్టి, మైదా జిగురుతో రంగు కాగితం అతికించి, పొడవైన వెదురు గడకు కట్టి ఎత్తేవారు. బద్దలు చీల్చడం తాతది, ముడులు పెద్ద పిల్లలవి, జిగురు పూయడం చిన్నవారిది అన్నట్టు ఈ పని వయసుల వారీగా సాగేది కాబట్టి, ఏటేటా పిల్లవాడు ఒక మెట్టు పైకి వచ్చి, చివరకు బద్దలు చీల్చే కత్తి చేపట్టేవాడు.

పశువుల పాక సంగతీ ఇటువంటిదే. 1223లో ఇటలీలోని గ్రేచ్చో గ్రామంలో ఫ్రాన్సిస్ అస్సీసీ క్రీస్తు జనన దృశ్యాన్ని నిజమైన పశువులతో, గడ్డితో కళ్లకు కట్టించాడని చరిత్ర. అనేక దేశాలలో ఈ పాకను బొమ్మలుగా కొనుక్కోవలసి ఉండగా, కొల్లేటి చుట్టూ దానికి కావలసినదంతా డిసెంబరులో కాళ్ల కింద దొరికేది. గోడకు కాలువగట్టు మట్టి, పైకప్పుకు సరస్సులో పెరిగే జమ్ము, తొట్టిలో పరచడానికి కొత్తగా నూర్చిన వరిగడ్డి పిల్లలే ఏరి తెచ్చేవారు. బైబిలులోని పశువుల తొట్టి వారికి వివరించవలసిన వస్తువు కాదు, ఇంటి వెనుక ఉన్నదే.

అరిసెల పాకం, బంధువుల రాక

పిండివంటలలో అరిసెది మొదటి స్థానం. కొత్త బియ్యం, అప్పుడే గానుగ నుంచి వచ్చే కొత్త బెల్లం రెండూ ఈ కాలానివే కావడం వల్ల సంక్రాంతికి వండే ఈ వంట క్రైస్తవ ఇళ్లలో మూడు వారాలు ముందుకు జరిగింది. నానబెట్టిన బియ్యాన్ని వడగట్టి, తడి ఆరకముందే రోట్లో దంచి, జల్లించిన పిండి గాలికి ఎండకుండా తడిగుడ్డ కప్పి అదిమి ఉంచుతారు. బెల్లం పాకాన్ని చల్లటి నీటిలో వేసి వేళ్లతో కూడదీసినప్పుడు మెత్తని ఉండ కట్టాలి. అంతకన్నా లేతగా ఉంటే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే పళ్లకు లొంగదు. పాకంలో పిండి కలిపిన ముద్దను చలిమిడి అంటారు. నువ్వులు అద్దడం, వేగిన అరిసెను చెక్కల మధ్య నొక్కి నూనె పిండేటప్పుడు లెక్కపెట్టడం, చలిమిడి కొసరు కోసం పొయ్యి దగ్గర కాపు కాయడం పిల్లల వంతు.

కోతల కూలికి పొరుగూళ్లకు వెళ్లినవారు ఈ పండుగ రోజుల్లో తిరిగివస్తారు. అత్తవారింట ఉన్న ఆడపిల్లలు బిడ్డలతో పుట్టింటికి చేరుతారు. 24వ తేదీ రాత్రి, 25 ఉదయం ఆరాధనలు, ఆ మధ్యాహ్నం మాంసంతో పెద్ద భోజనం, తరువాత అరిసెలు, జంతికలు పళ్లాలలో సర్ది పొరుగిళ్లకు పంపడం వరుసగా జరుగుతాయి. ఆ పళ్లాలు మోసేదీ పిల్లలే; హిందూ కుటుంబాల నుంచి అవే పళ్లాలు సంక్రాంతికి నిండి తిరిగివస్తాయి. డిసెంబరు 31 రాత్రి పాత సంవత్సరాన్ని ప్రార్థనతో సాగనంపే వాచ్ నైట్ ఆరాధన, 18వ శతాబ్దిలో మొరేవియన్ల నుంచి జాన్ వెస్లీ అనుచరులకు, వారి నుంచి ఇతర సంఘాలకు వ్యాపించిన ఆచారం; దానితో బంధువుల మకాం ముగుస్తుంది.

సండే స్కూలు నాటకం

ఇంగ్లండులోని గ్లౌస్టరులో 1780లో రాబర్ట్ రైక్స్ పనిపిల్లలకు ఆదివారం అక్షరాలు నేర్పడానికి ప్రారంభించిన బడి నమూనాయే సండే స్కూలు. మిషన్లు దానిని ప్రతి గుడికీ తెచ్చాయి. పిల్లలు ఏడాదంతా కంఠస్థం చేసిన వాక్యాలను పెద్దల ముందు అప్పగించేది, కీర్తనలకు కోలాటం వేసేది, జనన నాటకం ఆడేది క్రిస్మస్ సభలోనే. అట్ట కిరీటాలు పెట్టుకున్న తూర్పు దేశపు జ్ఞానుల వేషానికి కొంత సామగ్రి కావాలి గాని, కాపరి వేషానికి తలగుడ్డ, చేతికర్ర చాలు. కోతలైన పొలాల్లో రాలిన గింజల కోసం బాతుల మందలను తోలుకొని ఊరూరా తిరిగే కాపరులను ఆ పిల్లలు దారిలో చూస్తూనే ఉంటారు. రాత్రివేళ పొలంలో మంద కాసే మనిషి ఎలా నిలబడతాడో వారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

చెరువుల కాలం

1980ల నుంచి కలిదిండి, కైకలూరు మండలాల్లో వరిచేలు వేగంగా చేపల చెరువులయ్యాయి. 1999లో సరస్సును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించి, 2006లో కొల్లేటి ఆపరేషన్ పేరుతో అభయారణ్యం లోపలి చెరువుగట్లు తెంచినా, వెలుపల శీలావతి, బొచ్చె, ఇటీవలి కాలంలో వెనామీ రొయ్య ప్రధాన పంటలుగా నిలిచాయి. చేపల పట్టుబడికి కార్తీకమూ మార్గశిరమూ లేవు. సరుకు బరువు, బజారు ధర చూసి ఏ నెలలోనైనా వల వేస్తారు. కూలి డబ్బుగా ముడుతుంది, బియ్యం దుకాణం నుంచి వస్తుంది. పంటకూ పండుగకూ ఉన్న ముడి ఆ విధంగా వదులైన తరువాత, బంధువుల రాకను నిర్ణయిస్తున్నవి హైదరాబాదు, విజయవాడ బడులు, కార్యాలయాల సెలవులు. నక్షత్రం మడతపెట్టిన ప్లాస్టిక్ రూపంలో బజారున దొరుకుతుంది. అరిసెలు మిఠాయి దుకాణంలో తూకానికి వస్తాయి.

అయినా పశువుల పాకను పిల్లలే కట్టాలన్న నియమం చాలా ఇళ్లలో సడలలేదు. మార్పు సామగ్రిలో వచ్చింది. పొలమంతా చెరువైన ఊళ్లో తొట్టిలో పరిచే గుప్పెడు వరిగడ్డి కోసం ఇప్పుడు వరి మిగిలి ఉన్న పక్క ఊరికి మోటారు సైకిలు వెళ్లవలసి వస్తున్నది, వెనుక సీటుమీద గడ్డి ఒడిసిపట్టుకొని ఒక పిల్లవాడు కూర్చొని ఉంటాడు.