క్వీన్స్ సౌత్ ఆఫ్రికా పతకం

దక్షిణాఫ్రికాలో జరిగిన రెండవ బోయర్ యుద్ధం (1899–1902)లో పనిచేసినవారికి బ్రిటన్ ఇచ్చిన వెండి పతకమిది. కొందరు భారతీయ అనుచరులకు, సేవకులకు మాత్రం కంచుతో సరిపెట్టారు. ఒకవైపు విక్టోరియా రాణి ముఖం, మరోవైపు దండ పట్టుకున్న బ్రిటానియా ఉంటాయి. నమూనా జి.డబ్ల్యు. డి సాల్స్‌ది. యుద్ధం తొందరగా ముగుస్తుందనుకొని తొలి పతకాలపై 1899–1900 అని వేశారు. యుద్ధం సాగేసరికి ఆ అంకెలను తీసేయాల్సి వచ్చింది. కొన్నింటిపై వాటి జాడ ఇంకా కనిపిస్తుంది.

రిబ్బనుకు బిగించే పట్టీలు 26 రకాలు. వాటిపై పోరాటాల పేర్లో, ప్రాంతాల పేర్లో, సంవత్సరాలో ఉంటాయి. సైన్యాన్ని ఎక్కువగా బలిగొన్న రోగం పేరు మాత్రం ఏ పట్టీ మీదా లేదు. సామ్రాజ్యం తరఫున చనిపోయిన సుమారు 22,000 మందిలో 13,000 మందికి పైగా రోగాలతోనే పోయారు. అందులో పెద్ద వాటా టైఫాయిడ్‌దే.

'పార్డెబర్గ్' పట్టీ సంగతే చూడండి. 1900 ఫిబ్రవరిలో అక్కడ బోయర్ సేనాని క్రోన్యే సేనను బ్రిటిష్ సైన్యం మాడర్ నది ఒడ్డున చుట్టుముట్టింది. ఎగువన బోయర్ శిబిరంలో చచ్చిన గుర్రాలు, ఎద్దులు నదిలో కొట్టుకువస్తుంటే దిగువన దాహంతో ఉన్న బ్రిటిష్ సైనికులు ఆ నీళ్లే తాగారు. మార్చి 13న బ్లూమ్‌ఫాంటైన్ నగరం చేరేసరికి వారిలో చాలామందికి టైఫాయిడ్ జ్వరం పట్టుకుంది. ఆ నెలాఖరుకు బోయర్ సేనాని డి వెట్ సన్నాస్ పోస్ట్ దగ్గరి నీటి సరఫరా కేంద్రాన్ని పట్టుకోవడంతో ఊరు పాత బావులమీద ఆధారపడాల్సి వచ్చింది. క్రికెట్ మైదానంలో వెలిసిన లాంగ్‌మన్ ఆసుపత్రిలో షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డోయల్ వైద్యుడిగా రోగులను చూశాడు. టైఫాయిడ్‌కు టీకా అప్పటికే ఉంది. ఆల్మ్‌రాత్ రైట్ తయారుచేసిన ఆ టీకాను తప్పనిసరి చేయలేదు, వేయించుకున్నవారు కొద్దిమందే.

ఈ పతకం అందుకున్నవారిలో గాంధీ కూడా ఉన్నాడు. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో ఆయన కూడగట్టిన భారతీయ అంబులెన్స్ దళంలో సుమారు 1,100 మంది ఉన్నారు. వారిలో 800 మంది దాకా ఒప్పంద కూలీలు. నేటాల్‌కు అలా వెళ్లినవారిలో మద్రాసు రేవులో ఓడెక్కిన తమిళులు, తెలుగువారు ఎక్కువ. స్పియన్ కాప్ పోరులో ఈ దళం గాయపడినవారిని డోలీల్లో మోసింది. పతకాలు దళ నాయకులకే దక్కాయి. గాంధీ తన పతకాన్ని 1920 ఆగస్టులో, సహాయ నిరాకరణ మొదలుపెడుతూ, కైసర్-ఎ-హింద్ పతకంతో కలిపి వైస్రాయికి తిప్పి పంపాడు.