“అది స్టెమ్‌లో ఉందా?”

మొన్న మేనకోడలు విజయవాడ నుంచి ఫోన్ చేసి, “మాస్టర్స్‌లో అర్బన్ ప్లానింగ్ చేద్దామనుకుంటున్నా మామయ్యా” అంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: “అది స్టెమ్‌లో ఉందా?” ఎందుకు చదవాలనుకుంటోందో అడగనే లేదు. ఎపిసోడ్‌లో చెప్పాను కదా, ఆ ప్రశ్న నాది కాదు, దానికో చరిత్ర ఉంది. అదే కొంచెం వివరంగా ఇక్కడ.

హెచ్‌-1బి వీసా 1990 చట్టంతో పుట్టింది, ఏడాదికి 65,000 పరిమితితో. వై2కె రోజుల్లో దాన్ని 1,15,000 చేశారు, తర్వాత మూడేళ్లపాటు 1,95,000. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని నేరుగా విమానం ఎక్కిన తరం అప్పటిదే. 2003 అక్టోబరు నుంచి పరిమితి మళ్లీ 65,000కి పడిపోయింది. 2004 చివర్లో వచ్చిన చట్టం మాత్రం ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి విడిగా 20,000 ఇచ్చింది. దాంతో ఉద్యోగానికి వెళ్లే దారి యూనివర్సిటీ గుండా పడింది.

అక్కడితో ఆగలేదు. చదువయ్యాక ఓపీటీ కింద పనిచేయడానికి అందరికీ 12 నెలలే ఉండేవి. 2008లో సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు చదివినవాళ్లకి, అంటే స్టెమ్ వాళ్లకి, మరో 17 నెలలు కలిపారు. 2016 మే నుంచి అది 24 అయింది. అంటే మొత్తం మూడేళ్లు. హెచ్‌-1బి లాటరీ ఏడాదికోసారి కాబట్టి దాదాపు మూడుసార్లు అదృష్టం చూసుకోవచ్చు. చరిత్రో సాహిత్యమో చదివినవాళ్లకి ఒక్కసారే. పైగా ఆ 12 నెలల్లో మొత్తం 90 రోజులకి మించి ఖాళీగా ఉండకూడదు. ఊళ్లో పొలం తాకట్టు పెట్టి తెచ్చిన లోన్ నెత్తిమీద ఉన్న పిల్లాడికి “నీకేది ఇష్టం?” అన్న ప్రశ్న ఎక్కడ వినిపిస్తుంది చెప్పండి?

ఈ లెక్క యూనివర్సిటీలకీ తెలుసు. ప్రతి కోర్సుకీ ప్రభుత్వ జాబితాలో ఒక కోడ్ ఉంటుంది. మామూలు ఎకనామిక్స్ 45.0601, స్టెమ్‌లో లేదు. ఎకనామెట్రిక్స్ 45.0603, ఉంది. పేరున్న చాలా ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్లు మొదటిది వదిలి రెండోదానికి మారాయి. పాఠాలు చెప్పేది చాలావరకు ఆ మాస్టార్లే. మన పిల్లలు మందలా వెళ్తున్నారని ఎగతాళి చేసేవాళ్లకి నేను ఇదే చెప్తుంటాను.

రెండోసారి ఫోన్ చేసినప్పుడు మేనకోడల్ని అడిగాను, ఎందుకమ్మా అని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు వాళ్లు నాలుగు రోజులు మేడ మీదే ఉన్నారు. నీళ్లు పోయే దారిలో ఇళ్లకి అనుమతులు ఎలా వస్తాయో తెలుసుకోవాలంది.

కోడ్ కూడా చూశాం. తను చూసిన ప్రోగ్రాం స్టెమ్‌లో లేదు, 12 నెలలే. అప్లికేషన్ ఇంకా పంపలేదు.