చురుక్కుమనని జబ్బు

ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం వైపు పల్లెల్లో ఎవరికైనా ఒంటేలుకు పోతే మంటపుట్టిందంటే తీర్పు ఒక్కటే: ‘వేడి చేసింది’. బార్లీ నీళ్లో, సబ్జా గింజలో, కొబ్బరి బోండామో తాగిస్తారు. పాతకాలపు ఇళ్లలో పల్లేరు కాయల కషాయం. ఆయుర్వేదం పెట్టిన పేరు మూత్రకృచ్ఛ్రం, అంటే మూత్రం కష్టంగా రావడం. పేర్లన్నీ బాధను బట్టి పుట్టినవే. మంటా జ్వరమూ లేకుండా లోపల క్రిములు పెరుగుతుంటే దానికి ఊళ్లో పేరెందుకుంటుంది?

డాక్టర్లకూ చాలాకాలం లేదు. మూత్రంలో క్రిముల జాడగా ఉండే నైట్రైట్‌ను రంగుతో పట్టిచ్చే రసాయన చర్యను 1879లో ప్రకటించిన పీటర్ గ్రీస్ ఇంగ్లండులో బీరు కంపెనీ ఉద్యోగి! నేటి పరీక్ష పట్టీలకు మూలం అదే. మూత్రపు ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువవాటికి కారణమైన ఇ.కోలైని 1885లో థియోడర్ ఎషెరిక్ వర్ణించాడు.

క్రిమి దొరికింది సరే, లెక్క కుదరలేదు. సీసాలో పట్టేటప్పుడు చర్మం మీది క్రిములూ కలుస్తాయి. ఏది జబ్బు, ఏది కల్తీ? 1956లో బోస్టన్ వైద్యుడు ఎడ్వర్డ్ కాస్ గీత గీశాడు: మిల్లీలీటరుకు లక్ష క్రిములు. ఆయన పరీక్షించిన గర్భిణుల్లో నూటికి సుమారు ఆరుగురికి ఏ బాధా లేకుండానే ఆ లక్ష ఉంది. వారిలో అసలు మందు అందనివారికి దాదాపు 40 శాతం మందికి తర్వాత కిడ్నీ ఇన్‌ఫెక్షన్ వచ్చింది.

ఆ దెబ్బకు వైద్యలోకం అటువైపు మరీ ఒరిగింది. ముసలివాళ్లకూ షుగరు రోగులకూ రిపోర్టులో క్రిములు కనిపిస్తే చాలు, యాంటీబయాటిక్. మేలు లేకపోగా మందుకు లొంగని క్రిములు మిగిలాయి. అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2005లో, మళ్లీ 2019లో వద్దని చెప్పింది: లక్షణాలు లేనప్పుడు వెతకాల్సింది ప్రధానంగా గర్భిణుల్లో, కొన్ని మూత్రనాళ శస్త్రచికిత్సలకు ముందు. ‘పస్ సెల్స్ ఉన్నాయంట’ అంటూ మందుల షాపుకు పరిగెత్తే అలవాటు మాత్రం మనవైపు తగ్గలేదు.

మరి వెతకాల్సిన గర్భిణుల సంగతి? 2016 నుంచి ప్రతినెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలున్నాయి. మూత్రంలో మామూలుగా చూసేది అల్బుమిన్, చక్కెర. క్రిముల లెక్క తేలాలంటే కల్చర్ చేయాలి, ఒకటి రెండు రోజులు ఆగాలి. నమూనా రెండు గంటల్లో ల్యాబుకు చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో ఉండాలి. ఖమ్మం ఎండల్లో బస్సెక్కిన సీసాలో క్రిములు దారిలోనే లక్ష దాటేస్తాయి.