పలికిందని ఎవరు చెప్పాలి?

2006లో గౌలిపురలోని మా ఇంటికి ఒక పాత కంప్యూటర్ వచ్చింది. పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న రోజులవి. మొదటి ప్రోగ్రాంలో ‘అమ్మ’ అని రాసి ‘ప్రింట్’ చేయమన్నాను. తెర మీద ఖాళీ గళ్లు వచ్చాయి. వాటితోపాటు ఒక హెచ్చరిక: ‘వైడ్ క్యారెక్టర్ ఇన్ ప్రింట్’. ఇంగ్లీషు అక్షరం ఒక బైట్‌లో ఇముడుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి. అమ్మ అన్న మాట యంత్రానికి మరీ వెడల్పయిపోయింది!

“ఏమన్నదే నీ డబ్బా?” అని అమ్మ వంటింట్లోంచి అడిగింది.

“ఏం అంటలేదమ్మా.”

ఈ వ్యాసం ఆ పలకడం గురించే. లారీ వాల్ 1987 డిసెంబర్ 18న విడుదల చేసిన పెర్ల్‌లో ‘ప్రింట్’ మనం ఇచ్చిన మాటను తెరమీదికి పంపి ఊరుకుంటుంది. పంక్తి మారాలంటే ఆ గుర్తును ప్రతిసారీ మనమే పెట్టాలి. 2000లో మొదలైన పెర్ల్ 6 పథకంలో దీనికి పరిష్కారంగా ‘సే’ వచ్చింది. సే అంటే చెప్పు. మాట చెప్పి, పంక్తి తనే మారుస్తుంది. కానీ పెర్ల్ 6 ఎంతకీ రాలేదు. ఈలోగా డేమియన్ కాన్వే ‘పెర్ల్6::సే’ అనే మాడ్యూల్‌తో దాన్ని పాత పెర్ల్ 5లోకి తెచ్చాడు. దీన్నే బ్యాక్‌పోర్టింగ్ అంటారు. కొత్త ఇంటికని చేయించిన తలుపును పాత ఇంటి గుమ్మానికి బిగించడం లాంటి పని. కొలతలు కుదరవు. ‘ప్రింట్’ వ్యాకరణం భాష లోపలే కలిసిపోయి ఉంది, బయటి నుంచి వచ్చిన ఫంక్షన్ దాన్ని అన్ని విధాలా అనుకరించలేదు.

2007 డిసెంబర్ 18న పెర్ల్ 5.10 ‘సే’ను తన సొంతం చేసుకుంది. అప్పుడు కూడా కావాలని ప్రత్యేకంగా అడిగితేనే ఇస్తుంది. అదే పేరుతో సొంత ఫంక్షన్లు రాసుకున్న పాత ప్రోగ్రాములు పాడవకూడదు కదా. మరుసటి ఏడాది పైథాన్ కూడా ఇదే దారి పట్టింది. 3.0లో ఫంక్షన్‌గా మారిన ‘ప్రింట్’ను 2.6 వాడేవాళ్లు అడిగి తెచ్చుకునే వీలు కల్పించింది.

సరే, తెచ్చిన తలుపు సరిగా పడుతోందా? ఇక్కడే యూనిట్ టెస్టింగ్ మొదలవుతుంది. రెండూ రెండూ కలిపే ఫంక్షన్ నాలుగు ఇచ్చిందో లేదో చూడటం తేలిక. పలికే ఫంక్షన్‌తోనే చిక్కు. అది మనకు తిరిగి ఇచ్చేది పని అయిందన్న సూచన మాత్రమే, మాట తెర మీదికి వెళ్లిపోతుంది. అందుకని పరీక్ష రాసే మనిషి ఆ మాటను ఒక ఫైల్లోకో, జ్ఞాపకంలోని ఒక పాత్రలోకో మళ్లించి, తర్వాత తీసి చదివి పోల్చాలి. ఒక మాట ఇస్తే? ఏమీ ఇవ్వకపోతే? పది మాటలు కలిపి ఇస్తే చివర ఒక్కసారే పంక్తి మారిందా? ప్రతి ప్రశ్నకూ జవాబు ‘ఓకే’ లేదా ‘నాట్ ఓకే’ అని అచ్చవుతుంది. పెర్ల్ మొదటి విడుదల నుంచీ ఉన్న పద్ధతి ఇది. పలుకును పరీక్షించిన ఫలితాన్ని కూడా పలుకే చెప్పాలి.

ఈ పనికి విలువ ఎంత? నేను ఉద్యోగంలో చేరిన రోజున, “టెస్టింగ్ తీసుకోమ్మా, ఆడపిల్లలకి సుఖం” అన్నారు. రాసేవాడు సృష్టికర్త, సరిచూసేది సహాయకురాలు. ఇంట్లో ఉప్పు చూసే పని లాంటిదే ఇదీ. సరిగ్గా ఉంటే ఎవరూ మాట్లాడరు, తగ్గితే అందరూ అడుగుతారు. ఇది కొత్త కథ కాదు. 1946 ఫిబ్రవరిలో అమెరికాలో ఎనియాక్ యంత్రాన్ని లోకానికి చూపించినప్పుడు, ప్రదర్శన ప్రోగ్రాంను సిద్ధం చేసింది బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్. ఆ రాత్రి విందుకు వాళ్లకు పిలుపు రాలేదు.

అయితే పెర్ల్ చరిత్రలోనే ఈ అంతస్తుల లెక్క తిరగబడిన సందర్భం ఒకటుంది. 2005 ఫిబ్రవరిలో తైవాన్‌కు చెందిన ఆడ్రీ టాంగ్, హాస్కెల్ భాషలో పెర్ల్ 6ను నిర్మించడం మొదలుపెట్టింది. ట్రాన్స్‌జెండర్ అయిన ఆమె 2016లో తైవాన్ మంత్రి అయింది. పగ్స్ అన్న ఆ ప్రాజెక్టులో, మార్పులు చేసే హక్కును అడిగినవారికల్లా ఇచ్చింది. ఇంకా లేని ఫంక్షన్లకు కూడా జనం పరీక్షలు రాశారు. ‘ఇది ఇలా ఉండాలి, ఇప్పటికి లేదు’ అని నమోదు చేయడం అది. మనకు బాగా తెలిసిన భాషే కదా!

పగ్స్ ప్రోగ్రాం తర్వాత ఆగిపోయింది. పరీక్షలు మాత్రం మిగిలాయి. ‘రోస్ట్’ అన్న పరీక్షల భాండారానికి అవే పునాది. 2015 డిసెంబర్‌లో పెర్ల్ 6 విడుదలయ్యేనాటికి, ఆ పరీక్షలు నెగ్గినదే పెర్ల్ 6 అన్నది నిర్వచనం. 2019లో పేరు రాకుగా మారినా ఆ సూత్రం నిలిచింది. సరిచూసే పనే ఇక్కడ శాసనమయింది.

1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలోని స్త్రీలు తమ మాటల్లోనే తమ పనిని చెప్పుకున్నారు. పని చేయడం ఒకటి, చేశామని నమోదు కావడం ఇంకొకటి. ఈ నగరపు కంపెనీల్లో ఏళ్ల తరబడి ‘నాట్ ఓకే’ అని రాసిన స్త్రీల చరిత్ర ఇంకా మన పుస్తకాల్లోకి రావాలి. వాళ్లు పట్టుకున్న తప్పులు సరిదిద్దాక మాయమయ్యాయి, వాటితోపాటే వాళ్ల పేర్లూ.

మొన్న ఆ పాత ప్రోగ్రాంను తీసి ‘ప్రింట్’ బదులు ‘సే’ పెట్టాను. బయటికి వెళ్లే అక్షరాలు యూటీఎఫ్-8 అని ఒక వాక్యంలో చెప్పాను. పక్కన ఒక పరీక్ష రాశాను. అ, మ, పొల్లు, మళ్లీ మ: నాలుగు సంకేతాలకు పన్నెండు బైట్లు. పంక్తి మార్పుకు ఒకటి. మొత్తం పదమూడు రావాలి. వచ్చాయి. తెర మీద ‘ఓకే 1’ అని పడింది.

ఆషాఢ మాసం. పక్కనున్న లాల్‌దర్వాజా బోనాల డప్పులు మా గల్లీ దాకా వినిపిస్తున్నాయి. అమ్మ మళ్లీ అదే అడిగింది, ఏమన్నదే అని. ఈసారి తెరను ఆమె వైపు తిప్పాను.