పుట్టి పరీక్ష

ఇటిక్యాల ప్రాంతమున కృష్ణ దాటుటకు వంతెన రాకపూర్వము పుట్టియే పెద్ద దిక్కు. 1520 ప్రాంతమున విజయనగరము దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, పదిహేను ఇరువదిమందిని మోయు తోలు పుట్లను వర్ణించెను. వెదురు అల్లిక, తోలు కుట్టు పైకి కనబడును. లోపమున్నచో బాటసారియే పసిగట్టగలడు.

1940ల నుండి పడవల పనిలోనికి గాజునారను రెసిన్‌తో పెనవేసిన ఫైబరు ప్రవేశించెను. నేడు పుట్లు సైతము దానితో తయారగుచున్నవి. వీని లోపములు నునుపు క్రింద దాగియుండును. రెసిన్ సరిగా తడపని నార తెల్లగా అగపడును. పొరల నడుమ గాలి చిక్కినచోట నాణెముతో తట్టగా బోలుధ్వని వచ్చును. అంచు మూయక విడిచినచో నీరు నారవెంట లోనికి ప్రాకును. రంగు వేసిన పిదప ఇవి కానరావు. కనుక ముందే చూడవలెను.

కుండను సైతము తట్టి కొందుము గదా! ప్రాణములు మోయు పుట్టిని తట్టక ఎక్కుట తగునా?