రాగిరేకు నుంచి హార్డ్ డిస్కు వరకు: పోయిన రాతను రాబట్టే విద్య

సూరత్ నగరానికి ఈశాన్యంగా, తాపీ తీరాన, జాతీయ రహదారి మీద ఉన్న కామ్‌రేజ్ నేడు ఒక తాలూకా కేంద్రం. బయటి ప్రాంతాలవారికి ఆ పేరు అంతగా పరిచితం కాదు. అయితే ఏడవ శతాబ్దిలో ఈ ఊరి పేరు కార్మణేయం. దాని పేరిట ఒక ఆహారం, అనగా పరిపాలనా విభాగం, ఉండేది. ఈ సంగతి మనకు తెలియజెప్పినవి సూరత్‌లో లభించిన రాగిరేకులు. లాట దేశాన్ని పాలించిన చాళుక్య శాఖకు చెందిన యువరాజు శ్ర్యాశ్రయ శీలాదిత్యుడు కలచురి సంవత్సరం 443లో, అంటే సుమారు క్రీ.శ. 692లో, కార్మణేయ ఆహారంలోని భూమిని దానం చేస్తూ వేయించిన శాసనమది. శీలాదిత్యుని తండ్రి జయసింహవర్మ బాదామి రెండవ పులకేశి కుమారుడు. ఆ పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడే వేంగిలో తూర్పు చాళుక్య వంశాన్ని నెలకొల్పినవాడు. కనుక ఈ రేకులను వేయించిన వంశం తెలుగు పాఠకులకు పరాయిది కాదు.

రేకు మీద అక్షరాలు నిలిచి ఉన్నా, ఆ లిపిని చదవగలవారు లేనంతకాలం ఆ దానపత్రం పోయినట్టే లెక్క. దానిని తిరిగి వెలుగులోకి తెచ్చినవారు పండిత భగవాన్‌లాల్ ఇంద్రాజీ వంటి పందొమ్మిదవ శతాబ్ది విద్వాంసులు. శాసన పరిశోధకులు తొలినుంచి పాటిస్తున్న ఒక నియమం ఇక్కడ పేర్కొనదగినది. వారు మూలాన్ని పదేపదే తాకరు. చిలుము తొలగించి, సిరాముద్ర తీసి, మూలాన్ని భద్రపరుస్తారు; పఠనం, వివాదం, సవరణ అన్నీ ఆ ముద్ర మీదనే సాగుతాయి. చెరిగిన అక్షరాన్ని ఊహించి పూరించవలసి వస్తే కుండలీకరణంలో ఉంచి, అది తమ ఊహ అని స్పష్టం చేస్తారు. పాడైన హార్డ్ డిస్కుల నుంచి సమాచారాన్ని రాబట్టే నేటి సాంకేతిక నిపుణులు, శాసనశాస్త్రంతో ఏ పరిచయమూ లేకుండానే, దాదాపు ఇదే నియమానికి చేరుకున్నారు. ప్రభుత్వ వ్యవహారం చాలావరకు డిస్కుల మీదకు మారిపోయిన ఈ కాలంలో ఆ విద్య స్వరూపాన్ని అధికారులు కొంతైనా తెలుసుకొని ఉండడం అవసరం.

1956 సెప్టెంబరులో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన రామాక్ యంత్రంతో హార్డ్ డిస్కు చరిత్ర ఆరంభమైంది. రెండడుగుల వ్యాసం గల 50 పళ్లేలను ఒకే ఇరుసుకు అమర్చితే వాటన్నిటిలో పట్టినవి 50 లక్షల అక్షరాలు మాత్రమే. 1973లో అదే సంస్థ విడుదల చేసిన వించెస్టర్ నమూనాలో పళ్లేలను, వాటిని చదివే హెడ్‌లను కలిపి ఒకే పెట్టెలో మూసివేశారు. నేటి డిస్కులన్నీ ఆ సంప్రదాయానికి చెందినవే. అల్యూమినియం లేదా గాజు పళ్లెం మీద పలుచని అయస్కాంత పొర ఉంటుంది. నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరిగే ఆ పళ్లెం మీద హెడ్ కొద్ది నానోమీటర్ల ఎత్తున, గాలి పొర ఆధారంగా, తేలుతూ ఉంటుంది. ఆ ఎడంతో పోల్చితే ధూళి కణం ఒక కొండ. పెట్టె మూత విప్పి లోపలికి తొంగిచూసిన ఔత్సాహికుడు బాగుచేయదగిన డిస్కును తరచు బాగుచేయరానిదిగా మార్చివేయడానికి కారణం ఇదే.

పూర్వపు డిస్కులలో అడుగున ఉండే సర్క్యూట్ బోర్డు కాలిపోతే, అదే నమూనాకు చెందిన మరొక బోర్డు బిగిస్తే తరచు సరిపోయేది. తరువాతి కాలంలో ప్రతి డిస్కుకూ దాని హెడ్‌ల స్వభావాన్ని బట్టి కర్మాగారంలోనే ప్రత్యేకమైన సర్దుబాట్లు చేసి, వాటిని బోర్డు మీది చిన్న చిప్పులోను, పళ్లేల మీద వాడుకరికి కనిపించని భాగంలోను నమోదు చేస్తున్నారు. అందుచేత బోర్డు మార్చినా పాత చిప్పును కొత్త బోర్డుకు తరలించవలసిందే. హెడ్‌లు విరిగితే పని మరింత సున్నితం. అదే నమూనా, వీలైతే అదే కాలపు తయారీ అయిన వేరొక డిస్కును బలిపెట్టి, వడగట్టిన గాలి వీచే గదిలో దాని హెడ్‌లను తీసి దీనికి అమర్చుతారు. ఇలా బాగుచేసిన డిస్కును మళ్లీ వాడుకకు ఇవ్వరు. అది కొద్ది గంటలు పనిచేస్తే చాలు. ఆ వ్యవధిలో సెక్టారు వెంట సెక్టారుగా దాని సంపూర్ణ ప్రతిని, సాంకేతికులు ఇమేజ్ అని పిలిచేదానిని, తీసుకుంటారు. తేలికగా చదవగల భాగాలను ముందు, మొండికేసే భాగాలను చివర చదివిస్తారు. ఫైళ్ల వెతుకులాట అంతా ఆ ప్రతి మీదనే. శాసన పరిశోధకుని సిరాముద్రకు ఇది సరిజోడు.

పొరపాటున తుడిచివేసిన ఫైలు సంగతి వేరు. రికార్డు గదిలో సూచిక పుస్తకం నుంచి ఒక పద్దు కొట్టివేసినంత మాత్రాన అరలోని కట్ట మాయం కాదు. డిస్కులోనూ తుడుపు అంటే సాధారణంగా పద్దు కొట్టివేతే. ఆ అరలో కొత్త కట్ట పెట్టనంతవరకు పాతది దొరుకుతుంది. కనుక ఫైలు పోయిందని తెలిసిన వెంటనే చేయవలసిన పని ఆ యంత్రాన్ని ఆపివేయడం. కొత్త రాత పడిన చోట పాత రాత నేటి డిస్కులలో తిరిగి రాదు. చిప్పులతో తయారైన ఎస్.ఎస్.డి.లలోనైతే తుడిచిన భాగాన్ని యంత్రమే తనంతట తాను ఖాళీ చేసుకుంటుంది. సంకేతపదం మరచిపోయిన రహస్యలిపి డిస్కు ఎంత క్షేమంగా ఉన్నా మూగదే.

ఇక కామ్‌రేజ్ పక్కనుంచి పారే తాపీ వద్దకు వద్దాం. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి విడుదలైన నీరు గరిష్ఠంగా 9 లక్షల క్యూసెక్కులకు చేరింది. 7వ తేదీ మొదలు కొన్ని రోజులపాటు సూరత్ నగరంలో అధికభాగం జలమయమైంది. ఆ నగరం మరమగ్గాలలో తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా పనిచేస్తున్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు సైతం నడుపుతూ వచ్చింది. ఇటువంటి నగరంలో నేల అంతస్తులోని ఒక లెక్కల డిస్కు మునిగిందంటే యజమాని పద్దు ఒక్కటే పోదు. ఎన్నేళ్లు పనిచేశాడో, ఎంత బకాయి రావలసి ఉందో నిరూపించుకోవలసిన కార్మికుని సాక్ష్యం కూడా దానితోనే పోతుంది.

హార్డ్ డిస్కు పెట్టెకు, లోపలి గాలి ఒత్తిడిని బయటి ఒత్తిడితో సమం చేసేందుకు, ఒక సన్నని రంధ్రం ఉంటుంది. హీలియం నింపిన కొత్త రకాలను మినహాయిస్తే చాలావాటి నిర్మాణం ఇంతే. వరద నీరు, దానితో ఒండ్రు, ఆ దారినే లోపలికి చేరుతాయి. ఇక్కడ కాగితం పట్ల మనకున్న అలవాటు మనలను తప్పుదారి పట్టిస్తుంది. 2000 ఆగస్టులో హైదరాబాదు వరద సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని అమూల్యమైన ఉర్దూ గ్రంథాలను ముంచెత్తింది. తడిసిన పుస్తకాన్ని గాలికి ఆరబెట్టడమో, శీతలీకరించడమో చేయాలి; ఆలస్యమైతే బూజు పడుతుంది. తడిసిన డిస్కు విషయంలో ఈ తొందర ప్రమాదకరం. ఎండలో పెట్టినా, వేడిగాలి పట్టించినా, బియ్యం డబ్బాలో పూడ్చినా నీరు ఆవిరై ఒండ్రు పళ్లెం మీద అట్టకడుతుంది. దానిని విద్యుత్తుకు కలపకుండా, తడి ఆరనీయకుండా, గట్టిగా మూసిన సంచిలో ఉంచి నిపుణునికి అప్పగించడం క్షేమమని ఈ రంగంలోనివారు చెబుతారు. పళ్లేలను విప్పి, శుద్ధిచేసి, వేరొక పెట్టెలో అమర్చి చదివించే అవకాశం అప్పుడు మిగిలి ఉంటుంది.

ఆ అవకాశం ఎంతవరకు వెళ్లగలదో తెలిపే ఉదాహరణ ఒకటి ఉన్నది. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములను బలిగొన్న కొలంబియా అంతరిక్ష నౌక శకలాలు టెక్సాస్ ప్రాంతంలో వెదజల్లబడ్డాయి. వాటిలో మాడి, సీలు కరిగి, దుమ్ము నిండిన ఒక హార్డ్ డిస్కు కొన్ని నెలల తరువాత లభించింది. జెనాన్ ద్రవ్యపు స్నిగ్ధతపై నౌకలో జరిగిన ప్రయోగ ఫలితాలు అందులో ఉన్నాయి. మిన్నెసోటాలోని ఆన్‌ట్రాక్ సంస్థ నిపుణులు పళ్లేలను శుభ్రపరచి మరొక పెట్టెలో అమర్చి సుమారు 99 శాతం సమాచారాన్ని రాబట్టారు. పళ్లేల మీద గుంటలు పడినా, అవి రాత లేని చోట పడడం అదృష్టం. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో భౌతికశాస్త్ర పత్రికలో వెలువడ్డాయి.

మన కార్యాలయాల విషయానికి వస్తే, ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖ 1998లోనే కార్డ్ పేరిట దస్తావేజుల నమోదును కంప్యూటర్ల మీదకు తెచ్చింది. అంతకుముందే, 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కంప్యూటరు ద్వారా ఉత్పత్తి అయిన సామగ్రిని కూడా ప్రభుత్వ రికార్డుగా నిర్వచించింది. చట్టం అంత దూరం చూసినా మన అలవాటు అక్కడికి చేరలేదనే చెప్పవలసి ఉంటుంది. కాగితపు దస్త్రం ముగిసినప్పుడు ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. అని దాని ఆయుర్దాయం నొసటనే రాస్తాం. అదే దస్త్రం ఉన్న డిస్కు ఆగిపోతే, అందులో ఆర్.డిస్. ఉన్నదో ఎల్.డిస్. ఉన్నదో విచారించకుండా, పనికిరాని సామాను జాబితాలో చేర్చి కొత్తదానికి ఇండెంటు పెడతాం. సంతకం కావలసింది సామాను రిజిస్టరులో మాత్రమే. రికార్డు కీపరును ఎవరూ అడగరు.

రాబట్టిన సమాచారానికి ప్రామాణ్యం ఏమిటన్న ప్రశ్న సహజం. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, ఎలక్ట్రానిక్ రికార్డుతో సమర్పించే ధ్రువపత్రంలో హ్యాష్ విలువను పేర్కొనాలని కోరుతున్నది. ప్రతిలో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. కనుక ప్రతి తీసిన తరువాత ఎవరూ చేయి పెట్టలేదని అది రుజువు చేస్తుంది. కానీ ప్రతి తీసే సమయంలోనే చదవలేకపోయిన భాగాల గురించి ఆ విలువ మౌనంగా ఉంటుంది. మంచి నిపుణుడు అటువంటి సెక్టార్లను సున్నాలతో నింపి, ఏ ఏ చోట్ల నింపాడో ప్రత్యేక పట్టికగా ఇస్తాడు. శాసన పాఠంలోని కుండలీకరణాలు చేసే పనినే ఆ పట్టిక చేస్తుంది. రాబట్టిన దస్త్రాన్ని స్వీకరించే అధికారి ముందుగా అడగవలసింది ఆ పట్టికనే. దానిని ప్రతితోపాటు దస్త్రంలో జతపరచి, పేజీ సంఖ్య వేసి, మూలపు డిస్కును సీలు చేసి రికార్డు గదిలో ఉంచవచ్చు. అందుకు కొత్త నిబంధన ఏదీ అవసరం లేదు.