రెండు దేశాల ఆనకట్ట

మేముండే మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో నది లేదు. ఆ మాటకొస్తే ఎమిరేట్స్ మొత్తంలోనే ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. కుళాయిలో వచ్చేది ఉప్పు తీసిన సముద్రం నీళ్లు. అందుకే కాబోలు, ఇక్కడ నలుగురు చేరితే ఎవరి నది గురించి వాళ్లు మాట్లాడుకుంటారు. 2025 సెప్టెంబరులో ఇథియోపియా నీలి నైలు మీద కట్టిన పెద్ద డ్యామును ప్రారంభించినప్పుడు మా ఎదురింటి ఈజిప్టు మిత్రుడు రెండు రోజులు ముభావంగా తిరిగాడు. "ఒప్పందం లేకుండానే కట్టేశారు. మీకీ బాధ లేదు, మీదంతా ఒకే దేశం" అన్నాడు.

"మా డ్యాము మొదలుపెట్టిన నాడు మావీ రెండు దేశాలే" అన్నాను. నమ్మలేదు.

మాది అనంతపురం జిల్లా, ఉరవకొండ వైపు. తుంగభద్రకు అడ్డం కట్టి రాయలసీమ కరువు తీర్చాలన్న ఆలోచన 1860లో సర్ ఆర్థర్ కాటన్ నాటిది. కానీ కుడిగట్టు మద్రాసు ప్రెసిడెన్సీది, ఎడమగట్టు నిజాముది. నిజాముకు సొంత నాణెం, సొంత తపాలా, సొంత రైలు! వాటాలు తేలడానికి ఎనభై ఏళ్లు దాటింది. చివరికి 1944 జూన్‌లో చెరి 65 టి.ఎం.సి.లకు ఒప్పుకున్నారు. 1945 ఫిబ్రవరి 28న ఒకే ఆనకట్టకు రెండు శంకుస్థాపనలు జరిగాయి. ఎడమవైపు బేరారు యువరాజు, కుడివైపు మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్. ఎవరి సగం వాళ్లే కట్టుకున్నారు.

మా జేజినాయన హొస్పేట దగ్గర ఆ పనికి రాళ్లు మోశాడు. "ఈ పక్క మనం, ఆ పక్క నైజామోళ్లు. గోడ మాత్రం ఒగటే" అనేవాడు.

గోడ లేస్తుండగానే 1948లో పోలీసు చర్య జరిగి నిజాము పాలన పోయింది. 1953లో కాలువలకు నీళ్లొచ్చాయి. అదే ఏడు ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, బళ్లారి మైసూరుకు వెళ్లింది. 1956లో రాయచూరూ అటే కలిసింది. సంతకాలు పెట్టిన ప్రభుత్వాలు రెండూ లేవు, ఆనకట్ట కర్ణాటకలో ఉంది. పంపకం మాత్రం తుంగభద్ర బోర్డు చేతుల మీదుగా సాగుతూనే ఉంది. మా కంప్యూటరు వాళ్ల భాషలో చెప్పాలంటే, రాసిన కంపెనీలు మూతబడ్డా ప్రోగ్రాము నడుస్తోందన్నమాట.

కరెంటు పంచుకోవడం తేలికే. బోర్డు కింద ఉన్న 72 మెగావాట్లలో మన వాటా 80 శాతం, తీగ వెంట వచ్చేస్తుంది. నీళ్లలా కాదు. ఎగువ కాలువలో బచావత్ ట్రిబ్యునల్ మనకిచ్చిన 32.5 టి.ఎం.సి.లు కర్ణాటకలోనే వంద కిలోమీటర్లు దాటి రావాలి. పైగా, పూడికను ఎవరూ పంచలేదు. 133 టి.ఎం.సి.లు పట్టిన జలాశయంలో ఇప్పుడు 105 పడితే గొప్ప. ఆ తగ్గుదల ముందుగా తగిలేది కాలువ చివర ఉన్న మాలాంటి వాళ్లకే.

2024 ఆగస్టు 10 రాత్రి 19వ నంబరు గేటు కొట్టుకుపోయింది. నాన్న ఫోను చేసి, "మిరప నాటమంటావా, వద్దా?" అని నన్నడిగాడు. అబుదాబిలో కూర్చుని నేనేం చెప్పను? వారం తిరక్కుండా కన్నయ్యనాయుడుగారు, ఇంజనీర్లు పారే నీళ్లలోనే అడ్డుపలకలు దించి ప్రవాహాన్ని ఆపారు. అయినా నాన్న ఆ ఏడు మూడెకరాలకు ఒకటిన్నరే నాటాడు.